నీటి అడుగు ప్రదర్శన కోసం కమర్షియల్ డైవింగ్ కోర్సు: చేసినవాళ్లు, చేయించినవాళ్లు చెప్పండి

నీలినీడ
అందరికీ నమస్తే. నేను మైమ్, నృత్యం చేస్తాను. ఇప్పుడు తయారుచేస్తున్న ప్రదర్శనలో నా పాత్ర హెల్మెట్ పెట్టుకున్న డైవర్. అడుగున ఒంటరిగా గోడ కడుతూ, మధ్యలో పని ఆపి ఆడుతుంది. ముందు అద్దాల ట్యాంకులో, కుదిరితే సముద్రంలో. స్కూబా సర్టిఫికెట్ ఉంది కానీ హెల్మెట్, పైనుంచి వచ్చే గాలి అనేసరికి అది చాలదని, నీటి అడుగున పనులు చేసేవాళ్లకి నేర్పే కమర్షియల్ కోర్సులో చేరాను. తీరా చేరాక బోల్టులు, స్పానర్లు, తాళ్ల ముడులు. నీళ్లలో ఉండేదానికన్నా గట్టున పక్కవాడి గొట్టం పట్టుకుని నిలబడేదే ఎక్కువ. ఇందులో నా పనికి ఉపయోగపడేది ఎంత?

ఫ్లాంజ్‌మాస్టర్
నీలినీడ గారూ, గొట్టం పట్టుకుని నిలబడటాన్ని తేలిగ్గా తీసేయకండి. మేం దాన్ని అంబిలికల్ అంటాం. గాలి గొట్టం, మాటల వైరు, లోతు చూసే సన్నటి న్యూమో గొట్టం, అన్నీ కలిపి కట్టిన కట్ట అది. న్యూమో కింది కొస డైవర్ ఛాతీ దగ్గర తెరిచే ఉంటుంది. పైనుంచి సూపర్‌వైజర్ గాలి వదిలి అందులోని నీళ్లు గెంటేసి గేజ్ చూస్తే లోతు తెలిసిపోతుంది. మీరు ఆడుతూ ఎంత పైకి లేచారో, ఎంత కిందికి దిగారో కూడా.

గట్టున అంబిలికల్ పట్టుకునే మనిషిని టెండర్ అంటాం. అతనికి చాలా సంగతులు చేతికే తెలుస్తాయి. డైవర్ కదులుతున్నాడా, ఆగాడా, ఎక్కడైనా చిక్కుకున్నాడా అని. వదులు ఎక్కువిస్తే కింద దేనికో చుట్టుకుంటుంది. బిగిస్తే డైవర్ వెల్లకిలా పడతాడు. మీరు ఒకే వైపు గిర్రున తిరుగుతూ పోతే కట్ట ఒంటికి చుట్టుకుంటుంది. కుడికి ఎన్ని చుట్లు తిరిగితే ఎడమకీ అన్ని తిరగాలి. అది కొరియోగ్రఫీలోనే రాసుకోండి. టెండర్‌ని ప్రదర్శన రోజున ఎవరో ఒకరిలే అని పెట్టుకోకండి, మొదటి రిహార్సల్ నుంచీ అతను మీతో ఉండాలి.

ఇక బోల్టుల సంగతి. మాస్క్ అద్దం మూసేసి, ఏమీ కనబడకుండా రెండు ఫ్లాంజులు, అంటే పైపుల కొసల్లో బోల్టు రంధ్రాలున్న చక్రాలు, కలపమంటారు. రంధ్రాలు కలిశాయో లేదో వేలు పెట్టి చూడకూడదు, ఫ్లాంజ్ జరిగిందంటే వేలు పోతుంది. పోడ్జర్ స్పానర్ మొనదేలిన కొస గుచ్చి రెండు రంధ్రాలూ కలిపి, పక్క రంధ్రంలో బోల్టు దించాలి. స్పానర్‌కి తాడు కట్టుకోకపోతే అది బురదలో గోవిందా. కాళ్లకి ఊతం లేకుండా నట్టు తిప్పబోతే నట్టు కదలదు, మీరే తిరుగుతారు. అందుకని ఒక మోకాలు పైపుకి అదిమి, రెండో చేత్తో ఏదో ఒకటి పట్టుకుని తిప్పుతాం. మైమ్ చేసేవాళ్లకి ఇంతకన్నా మంచి బడి ఎక్కడ దొరుకుతుందండీ? లేని గోడ ఉన్నట్టు చూపించడం మీకొచ్చు. ఇక్కడ గోడ నిజంగానే ఉంటుంది, కనబడదంతే.

ఊపిరి_బిగబట్టి
నాకు మాత్రం ఇది ఎక్కువైందనిపిస్తోంది. నేను ఫ్రీడైవింగ్ (సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి దిగడం) నుంచి మత్స్యకన్య షోలకి వచ్చాను. ఫ్లోరిడాలోని వీకీ వాచీ నీటి బుగ్గలో 1947 నుంచీ అమ్మాయిలు పక్కనున్న గొట్టం అందుకుని గాలి పీల్చి, వదిలేసి, నవ్వుతూ ఆడుతున్నారు. వెల్డింగ్ రాకపోతే వాళ్లకేం తక్కువైంది? మొదలుపెట్టిన న్యూటన్ పెర్రీ నేవీలో శిక్షణ ఇచ్చినవాడే, కానీ అమ్మాయిలకి నేర్పింది నీళ్లలో ఒళ్లు వదులుగా ఉంచడం.

ఒక్క విషయంలో మాత్రం మా ఫ్రీడైవర్లకే ముప్పు ఎక్కువ. ఊపిరి బిగబట్టడం మాకు అలవాటు. ఒడ్డున పీల్చుకున్న ఊపిరితో దిగితే పైకి వచ్చేసరికి అది మళ్లీ అంతే అవుతుంది, పర్లేదు. గొట్టంలో గాలి అలా కాదు. పది మీటర్ల దగ్గర నిండా పీల్చి బిగబట్టి పైకొస్తే అది రెట్టింపవుతుంది, ఊపిరితిత్తులు తట్టుకోవు. మీటరు, మీటరున్నర లోతు నుంచి కూడా ఇలా దెబ్బతిన్న సందర్భాలున్నాయి. అంటే మీ అద్దాల ట్యాంకు చాలు. మీ పాత్ర హెల్మెట్ తీసేసి పైకి ఈదే సీన్ ఏదైనా ఉందా? ఉంటే దారి పొడవునా గాలి వదులుతూనే రావాలి. ఆ బుడగలు చూసేవాళ్లకి అందంగానే ఉంటాయి లెండి.

ఫ్లాంజ్‌మాస్టర్
ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మిగతా వాటిలో మన దారులు వేరు.

కుట్టుమిషన్
కాస్ట్యూమ్ గురించి ఎవరూ అడగరు, చివర్న ఏడ్చేది మేమే. మడతలున్న బట్టలో గాలి నిలుస్తుంది, మొదటి కొన్ని నిమిషాలు పైకి లాగుతుంది. నీళ్లు పట్టాక ఆ తేలిక పోతుంది. అందుకని ముందే తడిపి, మడతలు పిండి గాలి తీసేసి దింపండి. అంచుల్లో గొలుసు కుడితే బట్ట ముఖం మీదికి లేవదు. రిబ్బన్లు, వేలాడే దారాలు వద్దు, వాల్వుల్లో ఇరుక్కుంటాయి. హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీలు), బెయిలవుట్ వాల్వ్ (పైనుంచి గాలి ఆగితే అదనపు గాలి తెరిచేది) మీద బట్ట కప్పనివ్వకండి, డైరెక్టర్ ఎంత గోలచేసినా సరే. ఆ వాల్వ్ కోసం చెయ్యి పెడితే జాకెట్ కుచ్చులు తగలకూడదు కదా.

ఎరుపు పెట్టుకుంటే సముద్రంలో కొన్ని మీటర్లకే గోధుమరంగులోకి పోతుంది, దగ్గర్నుంచి లైటు వేస్తే తప్ప. ఉప్పునీళ్లలో ఎక్కువ తేలుతారు కాబట్టి మునగడానికి కట్టుకునే సీసం బరువు ట్యాంకులో సరిపోయినా అక్కడ చాలదు. మనిషి, సామాను కలిపి 100 కిలోలైతే ఇంకో రెండు, మూడు కిలోలు కలపాల్సి వస్తుంది.

నీలినీడ
హెల్మెట్ తీసే సీన్ ఉండేది. ఇది చదివాక తీసేశాను. ఇంకో డౌటు: డైరెక్టర్ నాతో హెల్మెట్ వైరులోనే మాట్లాడతానంటున్నారు. సంగీతం కూడా అందులోనే పంపొచ్చా?

శబ్దగ్రాహి
వద్దు. ఆ లైను సూపర్‌వైజర్ది. డైరెక్టర్ ఏం చెప్పాలన్నా ఆయన ద్వారానే చెప్పాలి, ఆయన కాదంటే కాదు. పైగా పైవాళ్లు మీ ఊపిరి చప్పుడు వింటూనే ఉంటారు. మీకు ఆయాసం వస్తోందని ముందు తెలిసేది అలాగే. దాని మీద వయొలిన్ పెడితే ఏం వినబడుతుంది?

సంగీతానికి నీటి అడుగు స్పీకర్ పెట్టుకోండి. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కన్నా నాలుగు రెట్లు పైనే. అందుకే ఏ వైపు నుంచి వస్తోందో చెవి పట్టలేదు. 'ఎడమ నుంచి గంట మోగితే తిరుగు' లాంటి క్యూలు పెట్టుకోకండి. పైగా ఊపిరి వదిలిన ప్రతిసారీ హెల్మెట్‌లో బుడగల హోరు. మెత్తటి స్వరాలు అందులో కలిసిపోతాయి. తాళం గట్టిగా, తక్కువ దెబ్బల్లో ఉండాలి. ట్యాంకు ఫిల్టర్ పంపు రొద కూడా ముందే విని చూడండి.

ఫ్లాంజ్‌మాస్టర్
పంపు మాట వచ్చింది కాబట్టి: మీరు నీళ్లలో ఉన్నంతసేపూ అది ఆపి ఉండాలి, స్విచ్‌కి తాళం, తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర. నీళ్లు లాగే రంధ్రానికి చెయ్యో, బట్టో అతుక్కుంటే మనిషి బలంతో ఊడదు.

నీలినీడ
పంపు సంగతి రేపే ట్యాంకు వాళ్లతో మాట్లాడతాను. ప్రదర్శన అయిన రాత్రే విమానం ఎక్కే టూర్ ప్లాన్ ఉంది, అది?

ఊపిరి_బిగబట్టి
సముద్రం షో అయితే టికెట్టు మార్చుకోండి. స్కూబా లెక్కలోనే డీకంప్రెషన్ స్టాప్ (ఒంట్లో కరిగిన గాలి పోయేలా పైకొచ్చే దారిలో ఆగడం) అక్కర్లేని ఒక్క డైవ్‌కి కనీసం 12 గంటలు, పలుసార్లు దిగితే 18 ఆగమంటారు. రిహార్సల్ కూడా డైవే. మీ షెడ్యూల్‌కి ఎంతో సూపర్‌వైజర్‌ని అడిగి రాయించుకోండి.