"మీ కుటుంబానికి గతంలో ఇల్లు వచ్చింది" అని తిరస్కరించారు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

సింగ్‌నగర్ కుట్టుపని
అందరికీ నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక గదిలో అద్దెకు ఉంటున్నాను. నెలకు 4,500 రూపాయలు. బట్టలు కుడతాను, ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ల నాన్న మమ్మల్ని వదిలి వెళ్లి తొమ్మిదేళ్లయింది. విడాకులు తీసుకోలేదు, కోర్టు చుట్టూ తిరిగే స్తోమత నాకు లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు గదిలోకి నడుము దాటి నీళ్లు వచ్చాయి. మిషను మోటారు పోయింది. కాగితాల సంచి అటక మీద ఉండబట్టి దక్కింది. బియ్యం కార్డు మాత్రం బీరువా కింది అరలో ఉండిపోయింది. దండెం మీద ఆరబెట్టుకున్నాను. దాని మీద బురద చార ఇప్పటికీ పోలేదు.

ఇంటికి దరఖాస్తు పెట్టాను. జాబితా గోడకు అంటించారని తెలిసి వెళ్లి చూస్తే అనర్హుల్లో నా పేరు ఉంది. పక్కన కారణం: "కుటుంబానికి గతంలో ఇల్లు మంజూరైంది." నేను ఏ ఇంట్లోనూ అడుగు పెట్టలేదు. ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అని అడిగితే కంప్యూటర్‌లో అలా చూపిస్తోందని అన్నారు. ఇప్పుడు నేను ఏం చేయాలి?

వార్డు పనిలో ఐదేళ్లు
అమ్మా, నేను ఒక వార్డు సచివాలయంలో పనిచేశాను. ఇలాంటి కారణం రాసిన దరఖాస్తులు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి.

ఇల్లు ఇచ్చేటప్పుడు మనిషిని కాదు, కుటుంబాన్ని చూస్తారు. భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు ఒక కుటుంబం. వాళ్లలో ఎవరి ఆధార్ మీద పాత మంజూరు కనిపించినా అందరికీ అదే వర్తిస్తుంది. మీ బియ్యం కార్డులో, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (సచివాలయం దగ్గర ఉండే కుటుంబ సభ్యుల నమోదులో) ఆయన పేరు ఇంకా ఉంటే కంప్యూటర్ లెక్కలో మీరిద్దరూ కలిసే ఉన్నారు. మీ గదిలో ఎవరు ఉన్నారో దానికి తెలియదు.

ముందు ఆ మంజూరు ఏ సంవత్సరానిదో కనుక్కోండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో దశలో గత 20 ఏళ్లలో కేంద్ర, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల పథకాల కింద ఇల్లు పొందినవారు అనర్హులు. 20 ఏళ్లు దాటితే ఆ అడ్డంకి ఉండదు. ఇళ్ల స్థలం పట్టా సంగతి వేరు. 2020లో పట్టాలు ఇచ్చినప్పుడు గతంలో లబ్ధి పొందారా లేదా అన్నదే చూశారు, ఇన్నేళ్లు అనే గడువు లేదు. మీరు దేనికి దరఖాస్తు చేశారో రసీదులో చూడండి.

వివరాలు నోటిమాటగా అడిగితే రావు. సమాచార హక్కు చట్టం కింద తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి: ఎవరి పేరు, ఏ పథకం, మంజూరు సంఖ్య, తేదీ. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు, కార్డు నకలు జతచేస్తే చాలు.

గుంటూరు బాబాయి
అమ్మాయీ, కాగితాలన్నీ దరఖాస్తుతోనే పెట్టు, తర్వాత ఇద్దామని ఊరుకోవద్దు. మా అనుభవం చెబుతాను.

మా అబ్బాయికి రెండు కాళ్లూ పనిచేయవు, చక్రాల కుర్చీలోనే ఉంటాడు. మాకు టిడ్కో ఇల్లు, అంటే పట్టణాల్లో పేదలకు ప్రభుత్వం కట్టించే అపార్ట్‌మెంట్ ఇల్లు మంజూరైంది, 300 చదరపు అడుగులది. ఆ ఇళ్లు మూడు రకాలు: 300, 365, 430. అన్నీ నేల అంతస్తు, దాని పైన మూడు అంతస్తులు. ఎవరికి ఏ ఇల్లు అన్నది లాటరీలో తేలుస్తారు. మా చీటీ తీస్తే మూడో అంతస్తు వచ్చింది. అబ్బాయి ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక, "నన్ను ఒకసారి పైకి మోస్తే ఇక కిందికి దించనక్కర్లేదు నాన్నా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వికలాంగులు, వృద్ధులు ఉన్న కుటుంబాలకు వీలైనంతవరకు నేల అంతస్తుగానీ కింది అంతస్తుగానీ ఇవ్వాలని ఆవాస్ యోజన మార్గదర్శకాల్లోనే ఉంది. నాకు ఆ సంగతి తెలియదు. అబ్బాయి వైకల్యాన్ని చూపే సదరం ధ్రువపత్రం ఇంట్లో పెట్టెలో ఉంది, దరఖాస్తుకు జతచేయలేదు. లాటరీ అయ్యాక తీసుకెళ్తే, "ముందే ఇచ్చి ఉంటే వేరే జాబితాలో వేసేవాళ్లం" అన్నారు. అది నిజమే. కానీ దరఖాస్తు తీసుకున్నప్పుడు ఇంట్లో వికలాంగులు ఉన్నారా అని నన్ను ఎవరూ అడగలేదు, నాకు అదే బాధ.

కృష్ణలంక అక్క
బాబాయి గారూ, మీ అబ్బాయి మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

చెల్లీ, నాకు పట్టా ఉంది, ఇల్లు లేదు. 2023 మే నెలలో అమరావతిలో పేదల ఇళ్ల కోసం కేటాయించిన ఆర్‌-5 జోన్‌లో ఒక సెంటు ఇచ్చారు, అంటే 48.4 గజాలు. ఆగస్టులో అక్కడ నిర్మాణాలు ఆపమని హైకోర్టు స్టే ఇచ్చింది. ఎవరి వాదన ఏమైనా, అద్దె ఇంట్లో ఉండేవాళ్లు అద్దె ఇంట్లోనే ఉన్నారు. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు అని ప్రకటించింది. సంతోషమే. కానీ స్థలం ఎంత అన్నదాని కంటే ఎక్కడ అన్నది నాకు ముఖ్యం. నేను నాలుగు ఇళ్లలో పని చేస్తాను. తెల్లవారుజామున ఐదున్నరకు మొదటి ఇంట్లో ఉండాలి. ఊరి చివర ఇల్లిస్తే ఆ వేళకు ఏ బస్సు వస్తుంది? మా వీధిలో కాలువ గట్టు మీద నుంచి తరలించిన వాళ్లలో కొందరు ఇచ్చిన ఇంటికి తాళం వేసి మళ్లీ ఇక్కడే అద్దెకు దిగారు.

భవానీపురం
అలా తాళాలు వేసిన ఇళ్లను నోటరీ కాగితం మీద అమ్ముకుంటున్నారు కదా అక్కా. అవసరం లేనివాళ్లకు ఇవ్వడం వల్లే ఈ అక్క లాంటివాళ్లకు రావడం లేదు.

కృష్ణలంక అక్క
అమ్ముకోవడం తప్పు. కొన్నవాళ్లకూ హక్కు రాదు, రేపు తనిఖీ జరిగితే డబ్బూ పోతుంది ఇల్లూ పోతుంది. కానీ వాళ్లకు అవసరం లేదనకు తమ్ముడూ. ఇల్లు అవసరమే, కూలి కూడా అవసరమే. పదేళ్లు గట్టు మీద రేకుల కింద బతికినవాళ్లు సరదాకి తాళం వేయరు.

వార్డు పనిలో ఐదేళ్లు
ఇంకో మాట. ఇల్లు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. లబ్ధిదారు వాటా ఉంటే డీడీగా తీసి రసీదు తీసుకుంటారు. మనిషి చేతికి ఇవ్వాల్సిన డబ్బు ఏ దశలోనూ లేదు.

అమ్మా, మీరు భర్త నుంచి విడిగా ఉంటున్నట్టు తహసీల్దార్ దగ్గర ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. ఒంటరి మహిళ పింఛనుకు అడిగేది అదే. రెండో దశ ఆవాస్ యోజనలో ఒంటరి మహిళలు, వితంతువులు, వికలాంగులు, పారిశుద్ధ్య కార్మికులు, వీధి వ్యాపారుల వంటి వారిపై ప్రత్యేక దృష్టి పెట్టాలని ఉంది. ఇరుగుపొరుగు ఇద్దరి వాంగ్మూలం, పిల్లల బడిలో సంరక్షకురాలిగా మీ సంతకం ఉన్న కాగితం పనికొస్తాయి.

సింగ్‌నగర్ కుట్టుపని
ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు వచ్చింది. రెండే లైన్లు. ఇల్లు మంజూరైంది ఆయన పేరు మీద, 2004లో. మా పెళ్లి 2008లో. నేను ఆ ఇంటి మనిషిని కాకముందే వచ్చిన ఇంటికి నన్ను అనర్హురాలిని చేశారు. ఆ ఇల్లు ఎక్కడ ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. పెళ్లయిన నాటి నుంచీ మేము అద్దె ఇళ్లలోనే ఉన్నాం.

నా రసీదు చూశాను, ఆవాస్ యోజన దరఖాస్తే. 20 ఏళ్లు దాటాయి. జవాబు నకలు, పెళ్లి పత్రిక, పిల్లల బడి కాగితం కలిపి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాను. వరుసలో నా ముందు ఒక పెద్దావిడ గుండెలకు హత్తుకుని పట్టుకున్నది ఖాళీ ఫారం. రాయడం రాదట. నా వంతు వచ్చేలోపు ఆమెది నేను రాసి పెట్టాను. ఆమె కూడా అద్దె ఇంట్లోనే ఉంటోంది.

మొన్న పరిశీలనకు ఒక అమ్మాయి వచ్చి గది ఫొటో తీసుకుంది, ఇంటాయన దగ్గర అద్దె సంగతి అడిగి రాసుకుంది. ఇంకా ఏమీ తేలలేదు. తహసీల్దార్ ధ్రువపత్రం వచ్చే వారం ఇస్తామన్నారు. వచ్చాక బియ్యం కార్డు మార్పుకు పెడతాను.

బాబాయి గారూ, అబ్బాయికి కింది ఇల్లు దొరికిందా?

గుంటూరు బాబాయి
నేల అంతస్తు వచ్చిన ఒక కుర్రాడు మార్చుకుంటానని ఒప్పుకున్నాడమ్మా. ఇద్దరం సంతకాలు చేసి అర్జీ ఇచ్చాం. మొన్న అబ్బాయిని ఆటోలో తీసుకెళ్లి ఆ ఇల్లు బయటి నుంచి చూపించాను. గుమ్మం ముందు రెండు మెట్లు ఉన్నాయి. వాటి మీద వాలుగా సిమెంటు వేయాలని మా అబ్బాయే కొలత తీసుకున్నాడు.