పోస్ట్‌డాక్ కోసం విదేశం వెళ్లి తీరాల్సిందేనా?

యలహంక తెలుగు:
మా చెల్లి బెంగళూరులో మాలిక్యులర్ బయాలజీ పీహెచ్‌డీ ముగించబోతోంది. యీస్ట్ కణాల్లో డీఎన్ఏ మరమ్మత్తు మీద పని. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు ఏదైనా ల్యాబ్‌లో చేసే పరిశోధన) కూడా ఇక్కడే చేస్తానంటే ల్యాబ్‌లో సీనియర్లందరిదీ ఒకటే మాట, బయటికి వెళ్లి రాకపోతే ఫ్యాకల్టీ ఉద్యోగం రాదని. అమ్మకు డయాలసిస్ నడుస్తోంది, వదిలి చెల్లి దూరం వెళ్లే పరిస్థితి లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి.

ఈగల గది:
వీలుంటే వెళ్లమనే అంటాను. జన్యుశాస్త్రవేత్త ఒబైద్ సిద్దిఖీ గారు గ్లాస్గోలో పొంటెకోర్వో అనే ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ చేసి, అమెరికాలో పనిచేసి వచ్చాకే 1962లో బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌లో మాలిక్యులర్ బయాలజీ విభాగం మొదలుపెట్టారు. మన బెంగళూరు జీకేవీకే క్యాంపస్‌లో ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కు మూలం అదే. తర్వాత కూడా ఆయన అమెరికాలోని కాల్టెక్ వెళ్లి శాస్త్రవేత్త సీమోర్ బెంజర్‌తో కలిసి, వేడి తగలగానే చచ్చుబడిపోయే పండ్ల ఈగల మ్యుటెంట్ల (జన్యువు మారిన రకాల) మీద పనిచేశారు.

ఇంకోటి సామాను. డ్రై ఐస్‌లో రావాల్సిన యాంటీబాడీ (ప్రయోగంలో ఫలానా ప్రోటీన్‌ను గుర్తుపట్టడానికి వాడేది) కస్టమ్స్‌లో ఇరుక్కుంటే పాడైపోతుంది, మళ్లీ ఆర్డర్, మళ్లీ ఎదురుచూపు. పోస్ట్‌డాక్‌కు ఉండేదే రెండు మూడేళ్లు. ఈలోగా అదే ప్రయోగం ఇంకెవరో ముగించి పేపర్ వేసేస్తారు.

మల్లేశ్వరం అక్క:
ఈగల గది గారూ, సామాను గురించి మీరన్నది అక్షరాలా నిజం. సిద్దిఖీ గారి కథ మాత్రం సగంలో ఆపేశారు. ఆయన చదువుకున్న రోజుల్లో ఈ సబ్జెక్టు నేర్పే చోటే ఇక్కడ దాదాపు లేదు, వెళ్లక తప్పలేదు. ఆయన ల్యాబ్ పెట్టాక ఏం జరిగిందో కూడా చూడండి. వెరోనికా రోడ్రిగ్స్ బొంబాయిలోనే, పీహెచ్‌డీ విద్యార్థినిగా, రుచి, వాసన సరిగా తెలియని ఈగలను ఏరి వాటి జన్యులోపాలు వెతికారు. సిద్దిఖీ గారితో కలిసి 1978లో రాసిన ఆ పేపర్ అచ్చయింది కూడా మన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లోనే. తర్వాత ఆమె జర్మనీ వెళ్లారు, కాదనను. కానీ ఆమె జీవితమంతా పట్టుకున్న ప్రశ్న ఇక్కడ పుట్టింది.

మద్రాసు సంగతీ అంతే. 1963లో జి.ఎన్. రామచంద్రన్ గారు రామచంద్రన్ ప్లాట్ (ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మడత పడగలదో చూపే పటం) వేసింది మద్రాసు విశ్వవిద్యాలయంలో, రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి. ప్రోటీన్ నిర్మాణం ఎవరు తేల్చినా నేటికీ దానితో సరిచూసుకుంటారు.

విదేశం వెళ్లమనడంలో అసలు ఉద్దేశం గైడ్ నీడ నుంచి బయటపడటం. ఆ పని ఊరు మారకుండానే చేయొచ్చు. తమ్ముడూ, మీ చెల్లి యీస్ట్ వదిలి మనిషి కణాల మీద పనిచేసే ల్యాబ్‌కు మారితే పద్ధతులు మారతాయి, సిఫారసు రాసేవాళ్లూ మారతారు. పాత గైడ్ పేరు లేకుండా ఒక మంచి పేపర్ వస్తే అదే సాక్ష్యం. ఆమె ఎక్కడ కూర్చుని చేసిందన్నది ఎందుకు?

నాకు కోపం తెప్పించేది ఎంపిక తీరు. ఒక సంస్థ ఇంటర్వ్యూలో నా పని గురించి అడగకముందే "విదేశీ అనుభవం లేదే?" అన్నారు. ప్రకటనలో ఆ షరతు ఎక్కడా లేదు. పెద్దవాళ్లను చూసుకోవాల్సిన వాళ్లు, చంటిపిల్లల తల్లులు ముందుగా రాలిపోయేది ఇక్కడే.

ఈగల గది:
అక్కా, షరతు అన్యాయమే. కానీ అది ఉందని తెలిసి కూడా ఆ అమ్మాయిని ఆగమనడం రిస్క్ కాదా? రామలింగస్వామి ఫెలోషిప్ ఉన్నది విదేశాల్లో ఉన్నవాళ్లను వెనక్కి రప్పించడానికి. ఇక్కడే ఉన్నవాళ్లకు ఆ దారి లేదు.

మల్లేశ్వరం అక్క:
రిస్కే. అందుకే ముందే దారులు చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కు సాధారణ వయోపరిమితి 32, మహిళలకు సడలింపు ఉంది, ఆలస్యం చేయొద్దు. ఇండియా అలయన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ ఇక్కడి ల్యాబ్‌లో ఉంటూనే తీసుకోవచ్చు, అమ్మగారు కుదుటపడితే అందులోనే కొంతకాలం బయటి ల్యాబ్‌కు వెళ్లొచ్చే వీలుంది. థీసిస్ సమర్పించేదాకా ఆగకుండా ఈ నెలలోనే కొత్త ల్యాబ్‌లకు మెయిల్ పెట్టమనండి.

ఎంపిక కమిటీల్లో కూర్చునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే జవాబు చెప్పండి. ప్రకటనలో రాయని షరతును ఇంటర్వ్యూ గదిలో ఎందుకు అడుగుతున్నారు?