రోమ్ పడిపోయాక చదువుని కాపాడింది ఐర్లాండ్ సన్యాసులేనా?

బొబ్బిలి కుర్రోడు: గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నానండి, యూరప్‌లో చదువుని నిలబెట్టింది ఐర్లాండ్ సన్యాసులేనని ఒక వీడియోలో చెప్పీసారు, రోమ్ పాలనే లేని దీవి కదా, ఆళ్ళకి లాటిన్ ఎలగొచ్చింది?

శ్రీకాకుళం మాస్టారు: 5వ శతాబ్దంలో క్రైస్తవంతో పాటే వెళ్ళింది బాబూ. సొంత భాష కాదు కాబట్టి గ్రామర్ పట్టుకుని నేర్చుకోవాల్సొచ్చింది, అప్పట్లో లాటిన్ పదాలన్నీ కలిపీసి రాసీవోరు, చదవలేక వీళ్ళే మధ్యలో ఖాళీ వదలడం మొదలెట్టారు, నువ్వు కొట్టే స్పేస్ అదే. ఐరిష్ సన్యాసి కొలంబా 563లో స్కాట్లాండ్ పక్కనున్న అయోనా దీవిలో మఠం పెట్టాడు, ఇంకో ఐరిష్ సన్యాసి కొలంబానస్ ఇటలీ వెళ్ళి 614లో బొబ్బియోలో పెట్టాడు.

రాజాం పిల్ల: స్విట్జర్లాండ్‌లో సెయింట్ గాల్ లైబ్రరీలో ప్రిస్కియన్ అనే ఆయన లాటిన్ గ్రామర్‌కి 9వ శతాబ్దం కాపీ ఉందండి, ఐరిష్ వాళ్ళు రాసిందే. అంచులో ఒకాయన, ఈ రాత్రి గాలి భయంకరంగా ఉంది, సముద్రం పొంగుతోంది, ఇంక వైకింగులు (ఓడల్లో వచ్చి దోచుకునీవోళ్ళు) రారులే అని పద్యం రాసీసుకున్నాడు 😄

గరివిడి: మొత్తం క్రెడిట్ ఆళ్ళకే ఇచ్చీకండి, గ్రీకు పుస్తకాలు కాన్‌స్టాంటినోపుల్లో ఉన్నాయి, బాగ్దాద్‌లో అరబీలోకి తిప్పారు. ఇంకోటి, ఆళ్ళు రాసింది తోలు మీద, చలిదేశం, నిలిచింది. మన రామతీర్థం, సాలిహుండం బౌద్ధ ఆరామాల్లో తాటాకులు ఉన్నా ఈ తేమకీ చెదలకీ ఏటి మిగుల్తాయి? ఎగ్జామ్‌లో 'ఐరిష్ వాళ్ళు మాత్రమే' అని ఆప్షనొస్తే టిక్ పెట్టీకు తమ్ముడూ.