ఓస్కీకి నెల రోజులే ఉంది, హైదరాబాద్ వార్డు అలవాట్లలో ఏవి మార్చుకోవాలి?

అడిగినది: కొత్తగా మాంచెస్టర్ వచ్చిన స్టాఫ్ నర్సు

సిస్టర్లకు, అన్నలకు నమస్తే. హైదరాబాద్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివి, అక్కడే మెడికల్ వార్డులో నాలుగేళ్లు చేశాను. ఇక్కడ నర్సుగా రిజిస్టర్ కావడానికి రాసే కంప్యూటర్ పరీక్ష సీబీటీ అక్కడే రాసి పాసయ్యాను. చేసి చూపించాల్సిన ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీ వచ్చే నెలలో ఉంది. బేసిక్స్ మళ్లీ చదువుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. చెప్పగలరా?

జవాబు: లీడ్స్ నుంచి, అక్యూట్ మెడికల్ వార్డు

చెల్లె, చేతి పని నీకు వచ్చు. ముందు మార్చుకోవాల్సింది అంకెలు. అక్కడ జ్వరం ఫారెన్‌హీట్‌లో, షుగర్ మిల్లీగ్రాముల్లో చూశావు. ఇక్కడ సెల్సియస్, మిల్లీమోల్స్. 100.4 అంటే 38. షుగర్ అంకెను 18తో భాగించు: 180 అంటే 10, 72 అంటే 4. ఆ 4ను గట్టిగా గుర్తుపెట్టుకో. షుగర్ మందుల మీదున్న మనిషికి అంతకన్నా దిగితే హైపో, అంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే ఒంటబట్టే చక్కెర 15 నుంచి 20 గ్రాములు ఇచ్చి, 10–15 నిమిషాలకు మళ్లీ చూడాలి. హిమోగ్లోబిన్ కూడా ఇక్కడ లీటరుకు లెక్క, మన 11 ఇక్కడ 110.

తర్వాత న్యూస్-2 చార్టు, అంటే అబ్జర్వేషన్లకు మార్కులు వేసి పేషెంట్ పరిస్థితి దిగజారుతోందేమో ముందే పసిగట్టే పట్టిక. దీన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ఒక పేషెంట్‌ను తీసుకుందాం: శ్వాస 22, ఆక్సిజన్ మీద శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94, పై బీపీ 108, పల్స్ 112, టెంపరేచర్ 38.4, మెలకువగా మాట్లాడుతున్నాడు. విడివిడిగా చూస్తే ఏదీ గుండెలు జారేంత అంకె కాదు. కానీ శ్వాసకు 2, శాచురేషన్‌కు 1, ఆక్సిజన్ పెట్టినందుకు 2, బీపీకి 1, పల్స్‌కు 2, జ్వరానికి 1, మొత్తం 9. ఏడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఎమర్జెన్సీ కబురు, ఆగకుండా మానిటరింగ్. 5, 6 వస్తే కనీసం గంటకోసారి అబ్జర్వేషన్లు, డాక్టర్‌కు అర్జెంటు కబురు. ఏ ఒక్కదానికే 3 పడినా గంటకోసారి చూడాల్సిందే. అందరూ వదిలేసేది ఆక్సిజన్‌కు పడే ఆ 2. కొత్తగా తికమక మొదలైతే దానికీ 3 పడుతుంది. "ముసలాయన, అట్లే మాట్లాడతాడులే" అని ఊరుకోవద్దు.

జవాబు: సికింద్రాబాద్ నుంచి, నర్సింగ్ ట్యూటర్

శ్వాస పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టమ్మా. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క శ్వాస తేడా నాలుగవుతుంది, స్కోరే మారిపోతుంది. లెక్కపెడుతున్నట్టు పేషెంట్‌కు తెలిస్తే ఊపిరి తీరు మారుతుంది, అందుకని పల్స్ పట్టుకున్న చెయ్యి తియ్యకుండానే ఛాతీ చూడాలి.

చేత్తో బీపీ చూసేటప్పుడు ముందు మణికట్టు దగ్గరి రేడియల్ పల్స్ ఆగేదాకా గాలి కొట్టి ఆ అంకె చూసుకోవాలి. గాలి వదిలేసి, ఈసారి దానికి 30 పైకి కొట్టి, సెకనుకు 2–3 చొప్పున దించాలి. కఫ్ చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. చెయ్యి గుండె కన్నా కిందికి వేలాడినా అంతే.

జవాబు: లెస్టర్ నుంచి, సర్జికల్ వార్డు

ఓస్కీలో మందులిచ్చే భాగం, అదే మందుల స్టేషన్ గురించి నేను చెప్తా. డోలో, ఆగ్మెంటిన్ అని బ్రాండ్ పేర్లతో అలవాటైన చేతికి చార్టులో పారాసిటమాల్, కో-అమోక్సిక్లావ్ కనిపిస్తాయి. పెన్సిలిన్ అలర్జీ రాసి ఉండి కింద కో-అమోక్సిక్లావ్ ఉంటే ఆపి డాక్టర్‌ను పిలవాలి, అందులో ఉన్నది పెన్సిలినే. టాజోసిన్ కూడా అంతే. కో-కోడమాల్‌లో పారాసిటమాల్ ఉంటుంది, అది రాసి పారాసిటమాల్ కూడా రాస్తే ఒకే మందు రెండుసార్లు పడుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటొద్దు, డోసుకు డోసుకు మధ్య కనీసం 4 గంటలుండాలి. ముందు డోసు ఎప్పుడిచ్చారో టైం చూడకుండా గోలీ చేతిలోకి తీసుకోవద్దు.

ఇన్సులిన్ మాత్రం మరీ మరీ చెప్తున్నా. మన దగ్గర వయల్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, దాని సిరంజి ఎర్ర మూతది. ఇక్కడ మామూలుగా వాడేది మిల్లీలీటరుకు 100. వంద యూనిట్ల ఇన్సులిన్‌ను నలభై సిరంజితో లాగితే పడేది రెండున్నర రెట్లు. రాసేటప్పుడు "యూనిట్లు" అని పూర్తి మాట రాయాలి. పొట్టిగా రాసిన U అక్షరం సున్నాలా కనిపించి 4 కాస్తా 40 అవుతుంది.

సెలైన్ లెక్క: 1000 మిల్లీలీటర్లు 8 గంటల్లో, సెట్ మిల్లీలీటరుకు 20 చుక్కలది. 1000ను 20తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే 41.67, అంటే నిమిషానికి 42 చుక్కలు. పంపు మీదైతే గంటకు 125. సెట్ కవరు మీద చుక్కల సంఖ్య చూశాకే లెక్క మొదలుపెట్టు.

మళ్లీ అడిగినది

చాలా థాంక్స్ అక్కా. సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) పేషెంట్ వస్తే శాచురేషన్ స్కోరు వేరేనా?

జవాబు: లీడ్స్ నుంచి

వేరే. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే వాళ్లకు డాక్టర్ 88–92 టార్గెట్ రాసి ఉంటే న్యూస్-2 చార్టులో శాచురేషన్‌కున్న రెండో స్కేల్ వాడాలి. ఆక్సిజన్ మీద 97 వస్తే మంచిది కాదు, దానికి 3 పడుతుంది. ఎక్కువ ఆక్సిజన్ పోతే ఆ వాయువు ఇంకా పేరుకుని మనిషి మగత పడిపోతాడు. టార్గెట్ రాయకుండా నీ అంతట నువ్వు ఆ స్కేల్‌కు మారొద్దు.

జవాబు: లెస్టర్ నుంచి

ఒకటి మరిచా. "ఆరో నంబర్ బెడ్" అనే పిలుపు వదిలెయ్. పేరు, పుట్టిన తేదీ పేషెంట్ నోటితోనే చెప్పించి, చేతి పట్టీ మీది హాస్పిటల్ నంబర్‌ను చార్టుతో పోల్చాలి. "మీరు ఫలానా కదా?" అని అడిగితే సరిగా వినపడని వాళ్లు కూడా అవుననే తలూపుతారు. ఎట్లా పిలవమంటారో కూడా అడుగు. మన వార్డులో "పెద్దమ్మా" అంటే ప్రేమ, ఇక్కడ ముందు ఆమె ఇష్టం తెలుసుకోవాలి. చేసేదంతా గట్టిగా చెప్తూ చెయ్, నువ్వు మనసులో అనుకున్నది ఎగ్జామినర్‌కు వినపడదు. గాజులు, వాచీ గది బయటే తీసెయ్. నగిషీ లేని పెళ్లి ఉంగరం ఒక్కటి ఉంచుకోవచ్చు.