గంజాయి కేసు తర్వాత ఉద్యోగం: దరఖాస్తులో నిజం రాయాలా?

ప్రశ్న: మా తమ్ముడు ఇంజినీరింగ్ చదివే రోజుల్లో కొద్దిపాటి గంజాయితో పట్టుబడి, కోర్టులో జరిమానా కట్టి బయటపడ్డాడు. చికిత్స తీసుకుని మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికై, ధ్రువీకరణ పత్రంలో ‘మీపై క్రిమినల్ కేసులున్నాయా?’ అన్న గడి దగ్గర ఆగిపోయాడు. ఏం రాయమంటారు?

జవాబు: ఉన్నది ఉన్నట్టు రాయమనండి. జరిమానాతో పోయింది కదా అని కేసు లేనట్టు భావించకూడదు. జరిమానా కూడా శిక్షే. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, చిన్న వయసులో చేసిన స్వల్ప నేరాన్ని దాచినా యజమాని తన విచక్షణతో మన్నించవచ్చని చెబుతూనే, నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదని కూడా స్పష్టం చేసింది. కాబట్టి పూర్తి భరోసా లేదు. దాచితే మాత్రం తర్వాత ఆ దాపరికమే తొలగింపుకు కారణం కావచ్చు.

మరో జవాబు: తీర్పు నకలు, చికిత్స పత్రాలు జతచేయండి. ఈ ఉద్యోగం కుదరకపోతే ప్రైవేటులో ప్రయత్నించవచ్చు, కానీ పెద్ద కంపెనీలు అక్కడా పాత వివరాలు తనిఖీ చేయిస్తాయి. తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో విడుదలైన ఖైదీలకు పని ఇస్తున్నారు గాని, మీ తమ్ముడి చదువుకు అది తగినది కాదు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. తీర్పు నకలు ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: తీర్పిచ్చిన కోర్టులోనే, కేసు నంబరుతో ధ్రువీకృత నకలుకు దరఖాస్తు చేయండి.