‘కుడి ఎడమైతే పొరపాటు లేదోయ్’ – ఫెయిలైన పిల్లాడికి పంపొచ్చా, పంపకూడదా?

పర్లాకిమిడి మావయ్య:

మా ఇంట్లో ఒక పాట మీద తగాదా నడుస్తోంది. మన ఒడిశా తెలుగువాళ్లలో ఇక్కడ తెలుగు బాగా తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి మీ ముందు పెడుతున్నా.

మా మేనల్లుడు బరంపురంలో ప్లస్ టూ సైన్స్ చదివాడు. ఫిజిక్స్ పోయింది. గదిలోంచి బయటికి రాడు, ఫోన్ చేస్తే ఎత్తడు. నాకు ఉపన్యాసాలు చేతకావు. అందుకని పాత ‘దేవదాసు’లోని ‘కుడి ఎడమైతే పొరపాటు లేదోయ్, ఓడిపోలేదోయ్’ పాట వాట్సాప్‌లో పంపా. కాసేపటికే మా చెల్లెలు ఫోన్ చేసి దులిపేసింది. “ఫెయిలైన పిల్లాడికి తాగుబోతు పాట పంపుతావా అన్నయ్యా, మతి ఉండే పంపావా?” అని.

నేననేది ఒకటే. ఆ సినిమా 1953లో వచ్చింది. ఎంతమంది చూసి ఉంటారు ఇప్పటి పిల్లల్లో? ఆ మొదటి మాట మాత్రం సామెతలా జనం నోట్లో పడిపోయింది. సంబంధం తప్పిపోయినా, ఎలక్షన్లో ఓడినా, చివరికి పలాస బస్సు తప్పిపోయినా అదే అనుకుంటాం. పడ్డవాడి భుజం తట్టే మాట కదా అది? మీరేమంటారు?

రాయగడ పిన్ని:

అన్నయ్యగారూ, నేను మీ చెల్లెలి పక్షం.

పాట ఆ మొదటి మాట దగ్గర ఆగితే మీరన్నది ఒప్పుకునేదాన్నే. ఆగదే! వెంటనే ‘సుడిలో దూకి ఎదురీదక మునకే సుఖమనుకోవోయ్’ అంటుంది. సుడిగుండంలో దూకు, ఈదకు, మునిగిపోవడమే హాయి అనుకో. తలుపేసుకుని కూర్చున్న పిల్లాడికి చెప్పే మాటేనా ఇది?

పైగా ‘ఓడిపోలేదోయ్’ అని ఎవరంటారు? గెలిచినవాడికి ఆ మాటతో పనేముంది? చేతిలో గ్లాసు పట్టుకున్న దేవదాసు తనకు తాను చెప్పుకుంటున్నాడది. తండ్రికి ఎదురు చెప్పలేకపోయాడు, అర్ధరాత్రి వెతుక్కుంటూ వచ్చిన పార్వతిని వెనక్కి పంపేశాడు, ఆ పిల్ల ఇంకొకరి ఇల్లాలైపోయింది. ఇప్పుడు తాగి పొరపాటేం లేదంటున్నాడు. పొరపాటు లేదా? కథంతా ఆ పొరపాటే కదండీ. బెంగాలీ రచయిత శరత్‌చంద్ర రాసిన ఈ నవల 1917లో అచ్చయింది, అప్పటి నుంచీ జనం ఆ పొరపాటు తలుచుకునే ఏడుస్తున్నారు.

ఇంకో సంగతి. యూట్యూబ్ లింకే పంపి ఉంటారు. అది అవ్వగానే దానంతటదే ‘జగమే మాయ బ్రతుకే మాయ’ మొదలైతే? మా ఇంట్లోనూ ప్లస్ టూ పిల్ల ఉంది. రిజల్ట్స్ రోజుల్లో ఇంట్లో ఫ్యాన్ తిరిగినా టెన్షనే.

గుణుపురం కుర్రోడు:

పిన్నీ, అంత సీన్ లేదు ఆ పాటకి. మా క్రికెట్ టీమ్ ఓడినప్పుడల్లా గ్రూపులో పడేది అదే. ఎవడూ ఏ సుడిలోనూ దూకలేదు. అందరం కలిసి టిఫిన్ తినడానికి పోయాం.

నేను చదివింది ఒడియా మీడియం. తెలుగు ఇంట్లో మాట, సినిమాల మాట. మావాళ్లలో సగం మంది ఆ లైను ‘ఎదురీదగా’ అనే పాడతారు. వాళ్ల పాటలో వాడు ఈదుతున్నాడు మరి! దాని వెనకే వచ్చే ‘మేలుకోవోయ్’ ఒక్కటీ అందరికీ స్పష్టంగా అర్థమవుతుంది. ఓడిపోలేదు, లే, మేలుకో. మాకు చేరిన పాట ఇంతే. రాసినాయన ఉద్దేశం వేరే అయితే కావచ్చు. ఆయన వచ్చి మా గ్రూపులోంచి డిలీట్ చేయించడు కదా.

బరంపురం మాష్టారు:

‘మేలుకోవోయ్’ స్పష్టంగా అర్థమవుతుందన్నారు. అక్కడే ఉంది చిక్కు.

‘అనుకో’కి ‘ఓయ్’ చేరితే మధ్యలో వకారం వచ్చి ‘అనుకోవోయ్’ అవుతుంది. అలా అనుకోమని చెప్పడం. ‘అనుకోవు’కి ‘ఓయ్’ చేరినా చివరి ఉకారం పోయి అదే ‘అనుకోవోయ్’ మిగులుతుంది. నువ్వలా అనుకోవు అని. ‘మేలుకోవోయ్’ కూడా అంతే. మేలుకోమని లేపడం కావచ్చు, నువ్వు మేలుకోవు అని నిష్ఠూరం కావచ్చు. చెవికి తేడా తెలియదు.

రెంటినీ విధిగా, అంటే చెయ్యమని చెప్పడంగా తీసుకుంటే, మునగడమే సుఖమనుకో, మేలుకో అంటున్నట్టు. మునిగేవాడు మేలుకోవడమేమిటి? రెంటినీ వ్యతిరేకంగా, అంటే చెయ్యవు అన్నట్టుగా తీసుకుని చూడండి. సుడిలో దూకావు, ఎదురీదడం లేదు, పోనీ మునకే సుఖమని సరిపెట్టుకోవు, మేలుకోనూ మేలుకోవు. ఈదడు, మునగడు, లేవడు. దేవదాసు అచ్చంగా ఇంతే కదా. పార్వతిని ఏలుకోలేదు, మరిచిపోలేదు. వేశ్య చంద్రముఖి చెంతకు వెళ్లాడు, ఆమెనూ దగ్గరికి తీయలేదు. ఈ లెక్కన అది ఓదార్పూ కాదు, లొంగుబాటూ కాదు. ఒక మనిషి తన్ను తాను దెప్పుకోవడం. నలభై ఏళ్లవాడు వింటే గుండె కలుక్కుమంటుంది. పదిహేడేళ్లవాడికి ఎందుకండీ ఆ దెప్పు?

రాయగడ పిన్ని:

మాష్టారూ, మీ సంధి బాగుంది గానీ చెవి ఒప్పుకోవడం లేదు. లేదోయ్, ఓడిపోలేదోయ్, పూవేలోయ్, పనిలేదోయ్... పాటంతా ఓయ్ ఓయ్ అని ఎవరినో పలకరిస్తూనే ఉంది. దెప్పే గొంతు అలా ఉండదు. తాగినవాడు పక్కవాడి మెడ చుట్టూ చెయ్యేసి, తనకే దిక్కులేకపోయినా వాడికి బతుకు గురించి సలహా ఇస్తాడు చూశారా, ఆ వరస. ఘంటసాల ఎక్కడా ఏడవరు. అంత హాయిగా పాడారు కాబట్టే అది ఓదార్పులా వినిపిస్తోంది. అందుకే ప్రమాదం కూడా. ఏడుపు పాటైతే అన్నయ్యగారు పంపేవారే కాదు.

గోపాల్‌పూర్ కెరటం:

మాది గోపాల్‌పూర్. ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా అయ్య తెప్ప మీద పోయేవాడు, ఆ పాట రేడియోలో వస్తే ఎప్పుడూ ఒక లైను దగ్గర నవ్వేవాడు. చివర్లో ‘లాహిరి నడి సంద్రములోన లంగరుతో పనిలేదోయ్’ అని వస్తుంది కదా. అందరూ దాన్ని స్వేచ్ఛ అనుకుంటారు. మత్తు అనే సముద్రంలో ఉన్నాం, ఇక ఏ కట్టుబాటూ అక్కర్లేదు అని.

లంగరు ఒడ్డు దగ్గర వేస్తారు. తాడు అడుక్కి అందాలి, ముల్లు ఇసకలోనో రాతిలోనో పట్టాలి. నడి సముద్రంలో తాడు అడుక్కే అందదు. అక్కడ లంగరుతో పనిలేదంటే, ఉన్నా లాభం లేదని. గాలి ఎటు తోస్తే పడవ అటు. మా అయ్య నవ్వింది అందుకే, “సచ్చినట్టు కొట్టుకుపోతన్నాడు, దానికి పాటొకటి” అని. రాసినాయనకి సముద్రం ఎంత తెలుసో గానీ ఆ మాట మాత్రం పక్కాగా పడింది.

సుడి సంగతి కూడా చెప్తా, దీనిమీద మీరంతా ఊరికే పోట్లాడుకుంటున్నారు. మా బీచ్‌లో టూరిస్టులు పోయేది ఎక్కువగా ఎదురీది. అల వెనక్కి లాగేటప్పుడు ఒడ్డు కనబడుతూ ఉంటుంది, అటే ఈదుతారు. రెక్కలు అలిసిపోతాయి, అంతే. మావాళ్లు పిల్లలకి మొదట చెప్పేది, లాగితే ఎదురెళ్లకు, పక్కకి ఈదు, నీటి పట్టు తప్పాక ఒడ్డుకి తిరుగు అని. కాబట్టి ‘ఎదురీదక’ అన్నది చెడ్డ సలహా ఏం కాదు. చెడింది దాని తర్వాతి ముక్కే. మునకలో సుఖం ఏదీ ఉండదు, మునిగి తేలినోడిని ఎవడినైనా అడగండి.

పర్లాకిమిడి మావయ్య:

కెరటం బాబూ, నువ్వు నాకు సాయం చేశావో పిన్నిగారికి సాయం చేశావో అర్థం కావడం లేదు.

జయపురం రికార్డుల పిచ్చోడు:

రాసినాయన ఉద్దేశం అని అందరూ అంటున్నారు. ఏ రాసినాయన? పేరు సముద్రాల సీనియర్‌ది. మల్లాది రామకృష్ణశాస్త్రిగారి చెయ్యి ఉందని వాదించేవాళ్లూ ఎప్పటి నుంచో ఉన్నారు. నేను సముద్రాల పక్షమే, అది వేరే గొడవ. బాణీ కట్టిన సుబ్బరామన్ 1952లోనే పోయారు, ముప్పై నిండకుండానే. సినిమా బయటికి వచ్చింది ఆ తర్వాతి ఏడాది. మిగిలిన సంగీతం పని ఆయన సహాయకులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. కథ చూస్తే బెంగాలీవారిది. తెర మీద నాగేశ్వరరావుకి ఆ మత్తుకళ్లు పెరుగన్నం తిని రాత్రిళ్లు షూటింగ్ చేస్తే వచ్చాయని చెప్పుకుంటారు. ఇంతమంది చేతుల మీదుగా వచ్చిన పాటకి ఒకే ఉద్దేశం ఎక్కడ వెతుకుతారు?

నా మటుకు పాట అర్థం మాటల్లో సగమే. మిగతా సగం బాణీలో ఉంటుంది. ఆ బాణీ నీరసంగా ఉండదు, విశాలంగా ఉంటుంది. మాట ‘మునుగు’ అంటుంటే బాణీ ‘తేలు’ అంటోంది. ఈ రెండిటి మధ్య లాగుడే ఆ పాట. అందుకే కుర్రోడి క్రికెట్ గ్రూపులోనూ పనిచేస్తుంది, పిన్నిగారిని భయపెట్టనూ భయపెడుతుంది. ఇద్దరూ సరిగ్గానే విన్నారు.

రాయగడ పిన్ని:

ఇద్దరూ సరే అనడం తేలిక. పాట గురించి మాట్లాడుకునేటప్పుడు అది చెల్లుతుంది. పాటని ఒకరికి పంపేటప్పుడు చెల్లదు. మీరు పంపింది బాణీ ఒక్కటే కాదు, మొదటి లైను ఒక్కటే కాదు. మొత్తం పాట, ఆ గ్లాసుతో సహా. అన్నయ్యగారి మనసులో ఉన్న అర్థం వాట్సాప్‌లో వెళ్లదు. పైగా వాడు తెలుగు అరకొరగా తెలిసినవాడు. ‘మునక’, ‘సుఖం’ ఒడియా చదివినవాడికైనా ఎంతో కొంత తగిలే మాటలు. ‘ఎదురీదక’ దగ్గర తడబడి, తక్కినవి పట్టుకుంటే?

గుణుపురం కుర్రోడు:

పిన్నీ, ఫెయిలైనవాడిగా చెప్తున్నా. నాకు మ్యాథ్స్ పోయింది అప్పట్లో. ఆ రోజు అందరూ పంపినవి మోటివేషన్ వీడియోలు. లే, పరిగెత్తు, సింహంలా గర్జించు. ఒళ్లు మండిపోయింది. ఎవరైనా తాగుబోతు పాట పంపి ఉంటే కనీసం నవ్వు వచ్చేది. ఓడినవాడికి గెలిచినవాడి పాట పంపడమే పెద్ద హింస. ఈ పాటలో వాడు మనలాగే ఓడాడు, ఓడలేదని బుకాయిస్తున్నాడు. అది వింటే తోడు దొరికినట్టుంటుంది. మీరు భయపడేది కూడా నిజమే, కాదనను. అలాంటప్పుడు పాట పంపి ఊరుకోకూడదు, మనిషే వెళ్లాలి. పర్లాకిమిడి నుంచి బరంపురం ఎంత దూరమని మావయ్యా?

బరంపురం మాష్టారు:

ఈ కుర్రవాడు చెప్పిన ‘తోడు’ అన్న మాట నాకు నచ్చింది. నా సంధి వాదం మాత్రం వదులుకోను.

పర్లాకిమిడి మావయ్య:

రేపు పొద్దున్న బస్సుకి వెళ్తున్నా. మధ్యాహ్నం వాడు ఫోన్ ఎత్తాడు. పాట విన్నావా అంటే, “లేదు మావయ్యా, డేటా అయిపోయింది” అన్నాడు. ఇంతసేపూ మనం కొట్టుకున్నది వాడు వినని పాట మీద! అయినా నా మాట మీద నేనున్నా. బస్సులో వచ్చేటప్పుడు వాడికి మొదటి నుంచి చివరిదాకా నేనే పాడి వినిపిస్తా. పక్కన నేనుంటాను కాబట్టి పిన్నిగారికి అభ్యంతరం ఉండకూడదు.

రాయగడ పిన్ని:

మీ గొంతుని బట్టి ఉంటుంది. ముందు సప్లిమెంటరీ ఫారం ఆఖరి తేదీ ఎప్పుడో కనుక్కోండి. మీ చెల్లెలికి ఆ కంగారులో గుర్తుండి ఉండదు.

జయపురం రికార్డుల పిచ్చోడు:

మావయ్యగారూ, చివరిదాకా పాడతానన్నారు, ఒక అనుమానం. ‘మేడలోనే అల పైడిబొమ్మ, నీడనే చిలకమ్మా’. పైడిబొమ్మ పార్వతి, సరే, జమీందారు మేడలో ఉంది. చిలకమ్మ ఎవరు? చంద్రముఖి అని నేను, కాదు ఇద్దరూ పార్వతేనని మా ఆవిడ.

గోపాల్‌పూర్ కెరటం:

చంద్రముఖే. మేడ ఎక్కిన మనిషి నీడలో ఎందుకుంటుంది?

రాయగడ పిన్ని:

మేడ ఉన్న చోటే నీడ ఉంటుంది బాబూ. ఆ ఇంట్లో పార్వతి బతుకు చూశావా అసలు? మీ ఆవిడ చెప్పిందే కరెక్ట్ రికార్డులాయనా.