టిగ్ వెల్డింగ్ మెషిన్‌లో హెచ్‌ఎఫ్ (ఆర్క్ రాజేసే హై ఫ్రీక్వెన్సీ) నీరసం: స్పార్క్ గ్యాప్ పెంచాలా, వద్దా?

కొత్తచెయ్యి: పాత ట్రాన్స్‌ఫార్మర్ టిగ్. ఇదివరకు టంగ్‌స్టన్ (టార్చ్ కొనలోని కడ్డీ) 3 మి.మీ. ఎత్తులో ఉన్నా ఆర్క్ అందుకునేది. ఇప్పుడు జాబ్‌కి (వెల్డ్ చేసే ముక్కకి) ఆనిస్తే గానీ పట్టట్లేదు. లోపల చిటచిట మాత్రం వినిపిస్తోంది. స్పార్క్ గ్యాప్ (లోపల స్పార్క్ దూకే రెండు పాయింట్ల మధ్య ఖాళీ) పెంచమంటున్నారు. పెంచనా?

పాతమెషిన్: పెంచెయ్. నా మెషిన్‌కి అలాగే ప్రాణం వచ్చింది.

ఎర్త్‌క్లాంప్: ముందు ఫీలర్ గేజ్‌తో (సన్నని ఖాళీలు కొలిచే రేకులతో) కొలవండి. చాలా మెషిన్లలో 0.2 మి.మీ. అటూఇటూ ఉంటుంది. పాయింట్లు అరిగితే గ్యాప్ దానంతటదే పెరుగుతుంది, ఇంకా పెంచితే స్పార్కే దాటకపోవచ్చు. దాటినా, పెరిగిన వోల్టేజ్ దెబ్బ కెపాసిటర్ మీద, కాయిల్ ఇన్సులేషన్ మీద పడుతుంది. అయినా చిటచిటమంటోందంటే హెచ్‌ఎఫ్ పుడుతున్నట్టే. దారిలో ఎక్కడో పోతోంది. టార్చ్ కేబుల్ ఎలా పడేశారు?

పాతమెషిన్: కేబుల్, కేబుల్! ఒక మెకానిక్ నాతో కేబుల్ మార్పించాడు, తర్వాత బోర్డు మార్పించాడు. చివరికి చూస్తే పాయింట్లు.

నీలిజ్వాల: మూత తీసే ముందు ప్లగ్ పీకి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేయండి. ఇంతసేపూ ఒక్కరూ చెప్పలేదేంటి?

ఎర్త్‌క్లాంప్: మీ మెకానిక్ మీద కోపం ఇతని కెపాసిటర్ మీద తీర్చుకుంటే ఎలా?

పాతమెషిన్: అసలు మాట అది కాదు. సొంత మెషిన్ మనం ముట్టుకోకూడదనేగా మీ వాదన? మాన్యువల్ ఎప్పుడో పోయింది, కంపెనీ ఫోన్ ఎత్తదు. మేమేం చేయాలి?

ఎర్త్‌క్లాంప్: ముట్టుకోవద్దని ఎక్కడన్నాను? కొలవకుండా తిప్పొద్దన్నాను. టంగ్‌స్టన్ కొన మసిబారినా, తక్కువ ఆంప్స్‌కి లావు టంగ్‌స్టన్ పెట్టినా, జాబ్‌కి తగిలించే ఎర్త్ క్లాంప్ కింద తుప్పున్నా, ఆర్గాన్ గ్యాస్ ముందుగా రాకపోయినా ఇదే లక్షణం. వీటిలో దేనికీ మూత తీయక్కర్లేదు.

కొత్తచెయ్యి: మీరిద్దరూ కానివ్వండి, నేను చూసొచ్చాను. గ్యాప్ 0.2 ఉంది, కదపలేదు. కేబుల్ నాలుగు చుట్లు చుట్టి ఇనుప బల్ల మీద పడేసి ఉంది. విప్పి చెక్క మీద వేశాను, టంగ్‌స్టన్ కొత్తగా చెక్కాను. ఇప్పుడు 2 మి.మీ. దగ్గర అందుకుంటోంది. పాత 3 మాత్రం రాలేదు.

ఎర్త్‌క్లాంప్: చూశారా!

పాతమెషిన్: ఆ మిగతా 1 మి.మీ. గ్యాప్‌లోనే ఉంది.